కొమ్మా, పొల్లా

ఆ అమ్మాయి అతని బల్ల మీద దబ్బున పడేసిన కట్టలో మూడు వందల పన్నెండు పేజీలున్నాయి. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరా ఉంది. ఎర్ర సిరాతో రాసింది తప్ప చదవడానికి వీలైన ముక్క అందులో ఇంకొకటి లేదు.

“తప్పులు దిద్దమని కిందికి పంపారు,” అంది. “తప్పు కాని అక్షరం ఒక్కటి చూపించండి. అక్కణ్ణుంచి మొదలుపెడతాను.”

మనవాడు పై పేజీ చూశాడు. మొదటి మాట ఇలా ఉంది: à°ªà°²à±?à°ªà±? రెండో మాటా ఆ బాపతే. పక్కన ఆవిడగారి చేతిరాత, ‘ఇది ఏ భాష?’ అని. రెండో పేజీలో ‘ఇదీ అదేనా?’ పదో పేజీలో ‘లోపల ఎవరైనా ఉన్నారా?’ నలభయ్యో పేజీకి మాటలు కూడా మానేసి, తల పట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ గీసింది. బొమ్మ బాగా కుదిరింది. మనవాడికి నవ్వొచ్చింది. నవ్వాడు. అది మొదటి పొరపాటు.

రెండో పొరపాటు నోరు తెరవడం. ఎవరో పెద్దాయన పాడుబడ్డ కంప్యూటర్లో, ఏ కాలం నాటిదో తెలియని ప్రోగ్రాంలో కొట్టిన మాటలండీ ఇవి, ఆయన ఏ మీట ఎక్కడ నొక్కాడో ఏమో, మన చేతికి వచ్చేసరికే ఇలా ఉన్నాయి అని ధీమాగా చెప్పుకొచ్చాడు. ఆమె చివరిదాకా విన్నది.

“ఆ పెద్దాయన మా పెదనాన్న,” అంది.

మనవాడు లేచి ఫ్యాను వేగం పెంచాడు.

అది నిఘంటువులు వేసే ఆఫీసు. మూడో అంతస్తులో కంప్యూటర్లు, కింద అచ్చుయంత్రాలు, వాటి పక్కన అద్దాల గదిలో ప్రూఫులు దిద్దేవాళ్లు. మనవాడిది మూడో అంతస్తు, డేటాబేసు పని. ఆమెది అద్దాల గది. లిఫ్టు పాడై ఏడాదైంది కాబట్టి అవసరం మీద పడితే తప్ప కిందివాళ్లు పైకి రారు, పైవాళ్లు కిందికి పోరు. ఆమె ఆ రోజు అన్ని మెట్లూ ఎక్కి వచ్చిందంటే కోపం ఎంతుందో మీరే అర్థం చేసుకోండి.

ఆమె పెదనాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మానాన్నలవి ఊళ్లు తిరిగే ఉద్యోగాలు కావడంతో పదో ఏట నుంచి ఆమె ఆయన దగ్గరే పెరిగింది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన తన బస్సెక్కిన కుమ్మరినీ, దర్జీనీ, తాపీమేస్త్రీనీ, మంత్రసానినీ ఎవరినీ వదల్లేదు. నీ చేతిలో ఉన్నదాన్ని ఏమంటారు, దాని పిడిని ఏమంటారు, అది విరిగితే ఏమంటారు అని అడిగి, చెప్పిన మాటని మిగిలిపోయిన టిక్కెట్టు కాగితాల వెనక రాసుకునేవాడు. మూడు బస్తాల చీటీలయ్యాయి. రిటైరయ్యాక అయిదేళ్లు కూర్చుని ఒంటి వేలితో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు మాటలు. అందులో సగం ఏ నిఘంటువులోనూ లేవు. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వచ్చే నెల ఒకటో తారీఖున అవి పుస్తకంగా అచ్చుకెక్కాలి.

ఇక ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అది మనవాడికి బాగా తెలుసు.

రెండు నెలల కిందట ఆ మాటలన్నీ తెచ్చుకోవడానికి కండక్టరు గారింటికి వెళ్లింది అతనే. ఆ వేళకి ఆమె ఇంట్లో లేదు. ఆయన కంప్యూటర్లోని పట్టిక మీద ‘లాటిన్ అక్షరాలు’, అంటే ఇంగ్లీషు లిపి, అని బోర్డుంది, లోపలున్నది తెలుగు. ఆ పాత ప్రోగ్రాం బోర్డుని పట్టించుకోకుండా తెలుగుని తెలుగులాగే చూపించేది. మనవాడు బోర్డుని నమ్మాడు. ఒక్కో తెలుగు అక్షరాన్ని మూడేసి లాటిన్ ముక్కలు చేసి కొత్త డేటాబేసులో పోసుకున్నాడు. అక్కడా తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు, ఇక్కడా అంతే, సరిపోయింది అనుకున్నాడు. ఒక్క మాటైనా తెరిచి చూసిన పాపాన పోలేదు. పాత డిస్కు తుడిచేశాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, మూలనున్న బస్తాలు చూసి, ఇంక ఆ చీటీలతో పనిలేదండీ, పారేయొచ్చు అన్నాడు. పెద్దాయన పారేశాడు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, అంటే అచ్చుకి పనికొచ్చే రూపం, తీసి అచ్చు విభాగానికి పంపితే గానీ గుట్టు బయటపడలేదు. ఆ ఫైలు మొదటి వరుసలో ‘ఇది యూనికోడ్’ అని, అంటే ఏ భాషైనా సరిగ్గా కనిపిస్తుందని, ఠీవిగా రాసి ఉంటుంది. లోపల చూస్తే ఈ భాగోతం. ఆమె అలా నిలబడి చూస్తుంటే మనవాడికి తానూ ఆ ఫైలూ ఒకటే అనిపించింది. పైకి ఒకటి, లోపల ఒకటి. తప్పు నాదండీ అనడానికి అదే సమయం. అనలేదు. ఆ పాత ప్రోగ్రాందే తప్పు, వారం రోజులివ్వండి, బాగుచేస్తాను అన్నాడు.

వారం పట్టలేదు, నాలుగు రోజుల్లోనే దారి దొరికింది. ముక్కలైనవాటిని వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తే మళ్లీ అక్షరాలవుతాయి. క ఎక్కడుందో అక్కడ నల్లచుక్క పడింది. ల ఉన్నచోట నెత్తికెక్కిన చిన్న రెండు. మ ఉన్నచోట వలయంలో బంధించిన ఆర్. దీర్ఘం ముప్పావు అయింది, గుడి తలకిందులైన ప్రశ్నార్థకమైంది. ఇవన్నీ ఒక చార్టుగా రాసి అతను మెట్లు దిగి అద్దాల గదికి వెళ్లాడు. ఆమె చార్టు చూసింది, అతన్ని చూసింది, కూర్చోమన్నది. పాత ప్రూఫులు తీసి కుర్చీ ఖాళీ చేసి మరీ కూర్చోమన్నది.

“అన్నీ వచ్చేస్తాయా?”

“రెండు తప్ప.”

ఆ రెండే కొంప ముంచాయి. ముక్కలు చేసిన ఆ లాటిన్ పట్టికలో అయిదు గళ్లు ఖాళీ. ఆ గళ్లలో పడ్డది ప్రశ్నార్థకమై బయటికొస్తుంది. ఏ, ఐ లాంటివి ఎప్పుడో గానీ పడవు, పోల్చుకోవచ్చు. కానీ కొమ్మూ పొల్లూ రెండూ సరిగ్గా ఆ గళ్లలోనే పడ్డాయి. తెలుగులో కొమ్ము లేని వాక్యం ఉంటుందా, పొల్లు లేని వాక్యం ఉంటుందా. నలభై ఒక్క వేల ప్రశ్నార్థకాలు. ప్రతిదాని వెనకా ఉన్నది కొమ్మో పొల్లో కంప్యూటరుకి తెలియదు.

మనవాడు ఒక ఉపాయం కూడా తెచ్చాడు. మాట చివర వస్తే కొమ్ము, మధ్యలో వస్తే పొల్లు అని ప్రోగ్రాం రాసి, ఫలితం అచ్చుతీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె మొదటి వరుస పైకి చదివింది. “పల్పు. ఆవు మెడకు కట్టే తాడు.”

అది పలుపు. మనవాడి పుణ్యమా అని కాగితం మిల్లులో ఉడికే పల్పు వచ్చి ఆవు మెడకి చుట్టుకుంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, పగలబడి నవ్వింది. ఆ నవ్వు విన్నాక మనవాడికి ఇంకో నలభై తప్పులు చేయాలనిపించింది. ఆ క్షణంలోనే మనవాడు పడిపోయాడని మీకు తెలిసిపోయింది కదా. అతనికి తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

రోజూ నాలుగింటికి ఆమె పైకొచ్చేది. తెలిసిన మాటల జాబితా ఒకటి సంపాదించి అతను చాలామట్టుకు ప్రోగ్రాంతోనే తేల్చాడు. మిగిలిన రెండు వేల మూడు వందల మాటల్ని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే చూడాలి. ఎడమవైపు ముక్కలు, కుడివైపు ప్రోగ్రాం ఊహ. ఆమె కొమ్ము అంటే అతను కొమ్ము పెట్టేవాడు, పొల్లు అంటే పొల్లు. పెదనాన్నకి ‘మరియు’ అంటే పడదట, దాని బదులు అన్నిచోట్లా ‘&’ పెట్టాడు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి ఆ గుర్తంటే పడదు, ఒక్కటి కనిపించినా ఫైలంతా తిప్పికొడుతుంది. వాటన్నిటికీ వేరే వేషం వేసి పంపడం అతని వంతు. ఆయనా మీ ఫైలూ ఇద్దరూ మొండివాళ్లే, ఎలా కలిశారో అని ఆమె వేళాకోళం చేసేది.

ఒకరోజు వాన వచ్చింది. కిటికీలోంచి జల్లు కొట్టి పేజీలు తడుస్తుంటే ఇద్దరూ ఒకేసారి లేచి, ఒకే రెక్క పట్టుకుని, ఒకేసారి వదిలేశారు. రెక్క గోడకి కొట్టుకుంది. మళ్లీ ఎవరు వెయ్యాలో తెలియక ఇద్దరూ కాసేపు తడిశారు. చివరికి ఆమే వేసి, జుట్టు తుడుచుకుంటూ కూర్చుని, ఏమీ జరగనట్టు పేజీ మీద ‘కాల్వ’ అన్న మాట కొట్టేసి ‘కాలువ’ అని రాసింది. రాసి ఆగింది. తాపీమేస్త్రి కాల్వ అనే అంటాడని పెదనాన్న చెప్పడం గుర్తొచ్చింది. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టి, అంచున ‘ఉంచాలి’ అని రాసింది.

అదేమిటని అడిగాడు మనవాడు.

“కొట్టెయ్యడం నాదే పొరపాటు, ముందున్నదే సరి అని. కొట్టివేతని కొట్టెయ్యడం అన్నమాట.” తడిసిన పేజీ మీద ఊదింది. “మాటలకి బాగా పనికొస్తుంది. మనుషులకి కూడా ఉంటే బాగుండేది.”

మనవాడు ఆమె పెట్టిన చుక్కల్నే చూస్తూ ఉండిపోయాడు. చార్టు ఇప్పుడు ఆమెకు అక్కర్లేదు. ముక్కల్ని చూసి తెలుగు చదివేస్తోంది, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నదాన్లాగే. అది అతను గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఆమెకూ తేలని మాటలు ఓ వందున్నాయి. వాటిని పట్టుకుని ఒక ఆదివారం ఇద్దరూ పెదనాన్న దగ్గరికి వెళ్లారు. ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆమె అర్థం చదివితే ఆయన మాట చెప్పేవాడు కాదు, ముందుగా ఆ మాట చెప్పినవాళ్లు ఏ సీటులో కూర్చున్నారో చెప్పేవాడు. మూడో సీటు, కిటికీ పక్క, బుట్టలల్లే ఆవిడ, ఒళ్లో మనవరాలుంది అనేవాడు. తరువాత ఆవిడ గొంతుతోనే మాట అనేవాడు. కొమ్మో పొల్లో ఆ గొంతులో తేలిపోయేది. మనవాడు రాసుకుంటూ, ఒకసారి రాయడం మరిచిపోయి వింటూ కూర్చున్నాడు. తను ఒక్క మీటతో తుడిచేసింది డిస్కుని కాదు, ఇంతమంది గొంతుల్ని అని అతనికి అప్పుడు తెలిసింది.

ఒక్క బస్తా ఉంచుకున్నా ఈ తిప్పలు తప్పేవి కదా పెదనాన్నా, ఎందుకు పారేశావు అని ఆమె ఉన్నట్టుండి నిష్ఠూరమాడింది. మనవాడి చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఇల్లు ఇరుకైపోయిందమ్మా,” అన్నాడు పెద్దాయన. “నాకే చిరాకేసి పారేశాను.” మనవాడి వైపు చూడను కూడా లేదు.

దారి పొడుగునా ఆమె అతన్ని మెచ్చుకుంటూనే ఉంది. మీరు లేకపోతే ఇవన్నీ మట్టి కొట్టుకుపోయేవి అంది. ఆ పాత ప్రోగ్రాం రాసినవాణ్ణి రోజూ తిట్టుకుంటానంది. ఆమె తిట్టే ప్రతి తిట్టూ ఎవరికి తగులుతోందో ఆమెకు తెలియదు. మనవాడు బస్టాపు దగ్గర చెబుదామనుకున్నాడు, బస్సొచ్చింది. మలుపు దగ్గర చెబుదామనుకున్నాడు, మలుపు వెనక్కి పోయింది. చెబితే ఆమె ఇక నాలుగింటికి పైకి రాదు. అదీ అతని భయం.

మర్నాడు ప్రోగ్రాంని చివరిసారి పరీక్షించడానికి ఒక వాక్యం కావాల్సి వచ్చింది. మంచి తెలుగు ఇచ్చి, దాన్ని ముక్కలు చేసి, తిరిగి అతికించి, మొదటిదానితో సరిపోతుందో లేదో చూడాలి. ఏ వాక్యమైనా ఫరవాలేదు. చేతులు వాటంతట అవే కొట్టాయి. తప్పు నాది. చీటీలు పారేయమన్నది నేనే. మీరంటే నాకిష్టం.

ముక్కలయ్యాక చూస్తే చుక్కలూ సున్నాలూ తప్ప ఏం లేదు. కడుపులో ఉన్నది బయట పడేసినా ఎవరికీ తెలియదు కదా అని మనవాడికి హాయిగా అనిపించింది. ఆ హాయిలో చెరిపెయ్యడం మరిచిపోయాడు. పట్టిక చివర, తొమ్మిది వేల నాలుగు వందల పదమూడో మాటగా అది ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి ఎక్కింది, అచ్చయింది, ప్రూఫుల్లో కలిసి అద్దాల గదికి దిగింది. అంతటి మొనగాడు మనవాడు.

ఆ రోజు నాలుగింటికి ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున ప్రూఫుల కట్ట అతని బల్ల మీద ఉంది. పైన చిన్న కాగితం, తేలనివి పదకొండున్నాయి, పెదనాన్నని అడగండి అని. అంతే. నేరుగా చివరి పేజీ తీశాడు.

ముక్కల మీద ఎర్ర సిరా. మొదటి వాక్యం చుట్టూ గీత గీసి పక్కన రాసింది, ‘ఎప్పుడు చెబుదామని?’ రెండో వాక్యం పక్కన ఏమీ లేదు. మూడో వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా కొట్టేసింది. కలం గట్టిగా నొక్కడంతో కాగితం కొంచెం చిరిగింది కూడా.

ప్రూఫులో కొట్టేసినదాన్ని ఫైల్లోంచి తీసెయ్యడం అతని ఉద్యోగం. మిగతా రెండు వాక్యాలతో సహా తీసేశాడు. ఆ పేజీని మాత్రం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం పదకొండు మాటలూ పట్టుకుని కండక్టరు గారింటికి వెళ్లాడు.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. బోర్డుని నమ్మడం, ఒక్క మాటా తెరిచి చూడకపోవడం, డిస్కు తుడిచెయ్యడం, చీటీలు పారేయమనడం, ఆ తరువాత తప్పంతా ఆయన ప్రోగ్రాం మీదికి తోసెయ్యడం, ఏదీ దాచలేదు. మీ అమ్మాయికి నేను చెప్పాల్సిందండీ, చెప్పలేకపోయాను, నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు అన్నాడు.

పెద్దాయన కుర్చీ అతనివైపు లాగాడు.

“పారేయమనడానికి నీకు ఒక్క నిమిషం పట్టింది బాబూ. మూడు బస్తాలు మోసుకెళ్లడానికి నాకు పూటంతా పట్టింది. ఆ పూటలో ఒక్కసారైనా ఆగి చూసుకోవాల్సింది నేను కూడా.”

“మరి ఆమెకు ఎందుకు చెప్పలేదండీ, నేనే అన్నానని?”

“ఎవరి టిక్కెట్టు వాళ్లే తీసుకోవాలి,” అన్నాడు కండక్టరు. “నేను బస్సు ఆపి చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు తీస్తావా అని. ఆ మాటలేవో ఇటు ఇవ్వు.”

పదకొండు మాటలకీ పదకొండు సీట్లు చెప్పాడాయన. పదింటికి వెంటనే గొంతు దొరికింది. ఆఖరిదానికి చాలాసేపు కళ్లు మూసుకుని, పెదవులు కదిలించి, చివరికి కొమ్ము అన్నాడు. ఒకటో తారీఖుకి ఇంకా మూడు రోజులుంది. తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు మాటలూ పొల్లు పోకుండా తిరిగొచ్చాయి. ఆ ఫైలు మర్నాడు ఒక్క గొణుగుడైనా లేకుండా అచ్చుకెళ్లింది గానీ, అది తరువాతి సంగతి. ఆ క్షణంలో పెద్దాయన కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకుంటూ, లోపలి గది వైపు తిరిగి, వినపడిందామ్మా అన్నాడు.

తలుపు పక్కనే ఉన్నట్టుంది, వెంటనే వచ్చింది. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆ ఎర్ర కలం ఉంది. ఇంట్లో కూడా అది చేతిలోనే ఉంటుందా అని మనవాడికి అనుమానమొచ్చింది, అడిగే ధైర్యం లేదు. పెద్దాయన మంచినీళ్లు తెస్తానని లేచాడు. కూజా ఆయన పక్కనే ఉంది. అయినా లోపలికి వెళ్లాడు.

“మూడు రోజులు ఏడిపించారు,” అందామె. “తప్పు చేసినందుక్కాదు. అది ఎవరైనా చేస్తారు. రోజూ పక్కన కూర్చుని చెప్పనందుకు.”

“తెలిస్తే మీరు పైకి రారని.”

“వచ్చేదాన్ని. నాలుగు తిట్టి మరీ వచ్చేదాన్ని.” చెయ్యి చాపింది. “ఆ చివరి పేజీ ఏది? దాంట్లో దిద్దుబాటు మిగిలిపోయింది.”

మనవాడు జేబులోంచి తీసిచ్చాడు. ఆమె బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసింది. కొట్టేసిన వాక్యం కింద ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోయింది. తొందరేమీ పడలేదు. అంచున ‘ఉంచాలి’ అని రాసింది. తరువాత ఆ ముక్కల్లో ఇష్టం దగ్గరున్న ప్రశ్నార్థకాన్ని కొట్టేసి, దాని నెత్తిన చిన్నగా పొల్లు పెట్టింది.

ఎలా చదివారండీ అని అడిగాడు మనవాడు.

“చార్టు రాసిచ్చింది ఎవరు?” అంది. కలం ఇంకా కాగితం మీదే ఉంది. వాక్యం మొదట్లో ఉన్న ‘మీరంటే’ చుట్టూ గీత గీసి, పైన తెలుగులో రాసింది, ‘నువ్వంటే’.

మనవాడు ఆ మాటని చూశాడు. ఆమెను చూశాడు. ఏళ్ల తరబడి డేటాబేసుల్లో బతికిన బుర్ర కదా, ఆ సంతోషంలోనూ లెక్క కట్టింది.

“మీరంటేలో ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదండీ. నువ్వంటే అని పెడితే రెండొస్తాయి.”

“రానియ్యి,” అంది ఆ అమ్మాయి. “రెండిటికీ జవాబు నాకు తెలుసు.”